మన జాగా, పక్కింటి నీళ్లు

చి. శ్రావణికి,

మీ యూసుఫ్‌గూడ అపార్ట్‌మెంట్‌లో బోరులో నీళ్లు బాగా తగ్గిపోయాయనీ, వెయ్యి ఫీట్ల దాకా కొత్తది వేయిద్దామని కమిటీవాళ్లు పట్టుబడుతున్నారనీ రాశావు. “మా జాగాలో మా బోరు, మధ్యలో ఒకరి అనుమతి దేనికి?” అన్నారట మీ సెక్రటరీ గారు. లా చదువుతున్నావు కదా, ఆ మాటను కొట్టిపారేయకు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఏడో సెక్షన్ తీసి చూడు. కాలువగా పారని భూగర్భ జలాన్ని తన హద్దుల్లో తోడుకునే హక్కు భూమి యజమానిదేనని అందులోనే ఉంది. మోటబావుల రోజుల్లో అది చెల్లింది. ఎద్దులు అలిసిపోతాయి, సబ్‌మెర్సిబుల్ మోటారు అలిసిపోదు.

ఇప్పుడొక లెక్క చూడు. మీది 400 గజాల జాగా, పది ఫ్లాట్లు, ఇంటికి నలుగురు అనుకుందాం. హైదరాబాద్‌లో ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే మీ జాగా మీద పడేది రెండు లక్షల అరవై ఏడు వేల లీటర్లు. గ్రానైటు నేలలో అందులో సహజంగా ఇంకేది పదోవంతు, అదీ మట్టి నేల అయితే. మీరు సిమెంటు పోశారు. నగరాలకు ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. నలభై మందికి 5,400. అంతా బోరు మీదే నడిస్తే మీ సొంత నీళ్లు ఐదు రోజులకు సరిపోతాయి. ఇంకుడు గుంతలు తవ్వి చుక్క పోకుండా ఇంకించినా యాభై రోజులు దాటవు. మిగతా ఏడాదంతా మీ మోటారు లాగేవి పక్కవాళ్ల నీళ్లే. వాళ్లూ మీవి లాగుతున్నారులే.

లోతుకు పోతే దొరుకుతాయన్నదీ భ్రమే. ఊరి కింద ఉన్నది రాయి. పైన మెత్తబడిన పొర, దాని కింద అక్కడక్కడ పగుళ్లు, నీళ్లుండేది వాటిలోనే. లోతు పెరిగేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. వెయ్యి ఫీట్ల దగ్గర బోరు బండి చాలాసార్లు తెల్లటి దుమ్మే కక్కుతుంది. కొబ్బరికాయ పట్టుకుని పాయింటు చూపించినాయన అప్పటికి డబ్బులు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు.

ఇక పైన పడే వాన సంగతి చూడు. మీ దగ్గరి కృష్ణకాంత్ పార్కు ఒకప్పుడు చెరువు. చెరువు పోయింది గానీ వాన తన దారి మరచిపోలేదు. గట్టి వాన పడితే కృష్ణానగర్ గల్లీల్లో బైకులు తేలుతాయి. ఏప్రిల్ వచ్చేసరికి అవే గల్లీల్లో ట్యాంకర్ కోసం బిందెలు పెడతారు.

ఇలాంటివి చూసే 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీరు, భూమి, చెట్ల కోసం వాల్టా చట్టం తెచ్చారు. తెలంగాణలోనూ అదే నడుస్తోంది. బోర్లు, బోరు బండ్లు రిజిస్టరు కావాలి. కొత్త బోరుకు ముందే అనుమతి తీసుకోవాలి. ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా తవ్వకూడదు. మంచి చట్టమే. కానీ రాత్రికి వచ్చి తెల్లారేసరికి వెళ్లిపోయే బండిని కాగితం ఎంతవరకు ఆపుతుంది? పైగా తవ్వేటప్పుడు అడిగినంతగా, తోడేటప్పుడు అడిగేవాడు లేడు.

నాకు నమ్మకం కలిగించింది వేరొకటి. 2003 నుంచి 2009 దాకా అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ లాంటి ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) అండతో రైతులే భూగర్భ జలాల లెక్క చూసుకున్నారు. వాన ఎంత పడిందో, బోర్లలో మట్టం ఎక్కడుందో వాళ్లే కొలిచి ఊరి గోడ మీద రాసేవారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, అనుకున్న పంటలకు కావలసినవెన్ని అని తేల్చేవారు. నిషేధం లేదు, జరిమానా లేదు. గోడ మీది అంకె చూసి చాలామంది తమంతట తామే వరి తగ్గించుకున్నారు. పథకం డబ్బు ఆగాక కొలిచే అలవాటు సన్నగిల్లిన ఊళ్లూ ఉన్నాయి, అది దాచను. అయినా పోలీసు కంటే ఆ గోడే ఎక్కువ పని చేసింది.

నువ్వూ అదే చెయ్యి. రాత్రంతా మోటారు ఆపించి, పొద్దున్నే టేపుకు బరువు కట్టి పాత బోరులోకి దించు. నీళ్లు ఎన్ని అడుగుల్లో తగిలాయో లిఫ్టు పక్కన రాసిపెట్టు. మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి తప్పకుండా. చుట్టుపక్కల నాలుగైదు అపార్ట్‌మెంట్లనూ ఒప్పించు. ఒక్క మీ బోరు అంకెతో ఏమీ తెలియదు. ఇక వచ్చే మీటింగులో రెండే అడుగు: వాల్టా అనుమతి ఏదీ, పాత బోరు మట్టం ఎంత? ఈ రెండింటికీ జవాబు రాకపోతే కొత్త బోరు చందా కాగితం మీద సంతకం పెట్టకు.

మీ పెదనాన్న