వాహన బీమా పరిమితులు: పరాయివారికి ఎంత, సొంతవారికి ఎంత

బెంగుళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో వాహన బీమా ప్రస్తావన వచ్చినప్పుడు తరచుగా వినబడే మాట ‘ఫుల్ ఇన్సూరెన్స్’. షోరూంలోనో, ఏజెంటు వద్దనో ఆ హామీ దొరికిన తరువాత పాలసీ కాగితం డ్యాష్‌బోర్డు అరలోకి చేరుతుంది; ప్రమాదం జరిగిన నాడు గాని మళ్ళీ బయటికి రాదు. నిజానికి ‘ఫుల్’ అనే మాటకు చట్టంలో నిర్వచనం లేదు. ఒకే పాలసీలో నాలుగైదు వేర్వేరు హామీలుంటాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పరిమితి ఉంటుంది. వాటిలో ఒకటి అపరిమితం, ఒకటి 15 లక్షలు, ఒకటి ఏడున్నర లక్షలు, మరొకటి ప్రత్యేకంగా అడిగితే తప్ప సున్న. ఏ హామీ ఎవరి కోసం ఉద్దేశించినదో తెలియకుండా ‘ఎంత బీమా చాలు?’ అని అడిగితే సరైన సమాధానం దొరకదు.

పరాయివారికి కలిగే నష్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేనిదే వాహనాన్ని రోడ్డు మీదికి తేరాదు. తెస్తే 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. మళ్ళీ పట్టుబడితే జరిమానా 4,000 రూపాయలు. అయితే కుటుంబాన్ని కూలదోసేది ఈ జరిమానా కాదు, ట్రైబ్యునల్ నిర్ణయించే పరిహారం.

ఆ పరిహారం ఎంత ఉంటుందో చాలామంది ఊహించలేరు. లెక్క కట్టే పద్ధతిని సుప్రీంకోర్టు 2009లో ఒక తీర్పులో స్పష్టపరచగా, 2017లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం స్థిరపరచింది. ఒక ఉదాహరణ చూడవచ్చు. 35 ఏళ్ళ వ్యక్తి, శాశ్వత ఉద్యోగం, నెలకు 30,000 రూపాయల ఆదాయం. అతనిపై భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడి ఉన్నారు. మరొకరి నిర్లక్ష్యం వల్ల జరిగిన ప్రమాదంలో అతడు మరణించాడు. ఏడాది ఆదాయం 3,60,000. భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద దానికి 50 శాతం కలిపితే 5,40,000. అతని సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసివేస్తే 4,05,000. ఆ వయసుకు నిర్ణయించిన గుణకం 16తో హెచ్చిస్తే 64,80,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, ఆప్తుల ఎడబాటు వంటి పద్దులు దీనికి అదనం.

ఈ మొత్తాన్ని బీమా సంస్థ చెల్లిస్తుంది. పరాయివారి మరణానికి, గాయాలకు థర్డ్ పార్టీ పాలసీలో గరిష్ఠ పరిమితి లేదు. కొన్ని విదేశాలలో యజమాని ‘ఇంత మొత్తం వరకు’ అని ఎంచుకోవలసి ఉంటుంది. ఇక్కడ ఆ ఎంపిక అవసరమే రాదు. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 సీసీ దాటి 150 సీసీ వరకు గల ద్విచక్ర వాహనానికి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు. 1000 సీసీ వరకు గల కారుకు 2,094. 1500 సీసీ వరకు గల కారుకు 3,416. పన్ను అదనం. ఈ రేటును కేంద్ర ప్రభుత్వమే ప్రకటిస్తుంది గనుక ఏ సంస్థ వద్ద తీసుకున్నా ఒకటే. పాలసీ గడువు తీరిన బండిపై ఒక్కరోజు తిరిగినా, పైన చెప్పిన 64 లక్షల భారం ఇల్లు, పొలం ఉన్న యజమాని మీదే పడుతుంది. కొత్త ద్విచక్ర వాహనానికి అయిదేళ్ళ థర్డ్ పార్టీ పాలసీ కొన్న రోజే తీసుకోవలసి ఉండడం వల్ల ఒక చిక్కు కూడా వచ్చింది: ఆరో ఏట పాలసీ పునరుద్ధరించాలన్న ఆలోచనే చాలామందికి రాదు.

సొంతవారికి మిగిలేది

పై ఉదాహరణనే తలకిందులు చేసి చూడాలి. అదే వ్యక్తి తన కారును తానే నడుపుతూ, తన పొరపాటు వల్లనే డివైడరును ఢీకొని మరణించాడనుకుంటే ఆ కుటుంబానికి 64 లక్షలు రావు. యజమాని తన పాలసీకి తానే థర్డ్ పార్టీ కాలేడు. అతనికి వర్తించేది యజమాని-డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా మాత్రమే. వాడుకలో దీనిని పీఏ కవర్ అంటారు. 2018లో బీమా నియంత్రణ సంస్థ ఈ మొత్తాన్ని 15 లక్షలకు పెంచింది. అంతకు ముందు కారుకు 2 లక్షలు, ద్విచక్ర వాహనానికి లక్ష మాత్రమే ఉండేది.

15 లక్షలు పెద్ద మొత్తంగానే కనబడుతుంది. కాని అదే ఇంటికి, ఆదాయం పెరుగుదలను లెక్కలోకి తీసుకోకపోయినా, అతని సంపాదన నుంచి ఏటా 2,70,000 అందుతూ వచ్చింది. ఆ లెక్కన 15 లక్షలు అయిదున్నర ఏళ్ళకు సరిపోతాయి. చిన్నబిడ్డ అప్పటికి ఇంకా బడిలోనే ఉంటుంది. పైగా ఈ హామీ మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి మాత్రమే. ఒక కన్నో, ఒక చేయో, ఒక కాలో పోతే అందులో సగమే ఇస్తారు. ఆసుపత్రి ఖర్చు గాని, ఆరు నెలలు మంచం పట్టినప్పుడు పోయే జీతం గాని ఇందులోకి రాదు. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షా యాభై వేల రూపాయల మేర నగదు రహిత చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది. అది తొలి గండం గట్టెక్కించేందుకే. కనుక ఇంటి పెద్ద సంపాదనకు రక్షణ వాహన పాలసీలో వెదకడం కన్నా, పైన చూపిన న్యాయస్థానపు లెక్కనే కొలబద్దగా పెట్టుకొని, టర్మ్ జీవిత బీమాను, విడిగా దొరికే వ్యక్తిగత ప్రమాద పాలసీని తీసుకోవడం యుక్తం. విడి పాలసీ బస్సులో ఉన్నా, నడిచి వెళుతున్నా వర్తిస్తుంది. 15 లక్షలకు తగ్గని వ్యక్తిగత ప్రమాద పాలసీ ఇప్పటికే ఉన్నవారు వాహన పాలసీలో మళ్ళీ పీఏ కవర్ కొననక్కరలేదు. రెండు బండ్లున్న యజమానికి కూడా ఒకటే చాలు.

వలస వచ్చిన కుటుంబాలలో ప్రత్యేకంగా కనబడే చిక్కు మరొకటి ఉంది. బండి ఊరిలో, కడపలోనో అనంతపురంలోనో, తండ్రి పేరున కొన్నది. కుమారునికి ఇక్కడ ఉద్యోగం రాగానే బండి కూడా ఇక్కడికి వచ్చింది. ఆర్సీ తండ్రి పేరుననే ఉంది. పాలసీ కూడా అంతే. పీఏ కవర్ పాలసీలో పేరున్న యజమాని-డ్రైవరును ఉద్దేశించినది. రోజూ నడిపే కుమారుడు యజమాని కాడు. పోనీ థర్డ్ పార్టీగా పరిహారం కోరవచ్చునా అంటే, దానికీ అడ్డంకి ఉంది. కర్ణాటకలో అరువు తెచ్చుకున్న మోటారు సైకిలుపై వెళుతూ ఎద్దుబండిని ఢీకొని మరణించిన వ్యక్తి కేసులో, బండి అడిగి తీసుకున్నవాడు యజమాని స్థానంలోకే వస్తాడని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. 2020లో మరో తీర్పులోనూ అదే వైఖరి తీసుకుంది. తండ్రికి లైసెన్సు లేకపోతే ఆ పీఏ కవర్‌కు ఆధారమే ఉండదు. కనుక రోజూ నడిపేవారి పేరున ఆర్సీని, పాలసీని మార్పించుకోవడం, అది కుదిరే వరకు నడిపేవారి పేరున విడిగా ప్రమాద పాలసీ తీసుకోవడం తప్పనిసరి జాగ్రత్త. పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచిన వాహనానికి అక్కడి నంబరు తీసుకోవాలని చట్టం ఎలాగూ చెబుతున్నది. ఆ పనితోపాటే పేరు మార్పు కూడా ముగించుకోవచ్చు. పాలసీ మాత్రం ఏ రాష్ట్రంలో తీసుకున్నా దేశమంతటా చెల్లుతుంది.

పక్క సీటులోను, వెనుక సీటులోను కూర్చున్నవారి సంగతి వేరు. చట్టం కోరినంత మేరకే తీసుకున్న ‘యాక్ట్ ఓన్లీ’ పాలసీలో సొంత కారులోని ప్రయాణికులకు, బండి వెనుక కూర్చున్నవారికి రక్షణ లేదని సుప్రీంకోర్టు ఒకటి కన్నా ఎక్కువ తీర్పులలో తేల్చింది. ప్యాకేజీ పాలసీలో మాత్రం, డబ్బు తీసుకోకుండా ఎక్కించుకున్న ప్రయాణికుల పట్ల బాధ్యత బీమా సంస్థదే. 2009లో నియంత్రణ సంస్థ కూడా ఇదే స్పష్టం చేసింది. స్కూటరుపై రోజూ భార్యను ఆఫీసు దగ్గర, పిల్లను బడి దగ్గర దింపే ఇంటికి కొన్ని వందల రూపాయల మిగులు కోసం ప్యాకేజీని వదులుకోవడం ఎంత తప్పు బేరమో దీనివల్ల తెలుస్తుంది. పాత బండికి సొంత నష్టపు బీమా దండగ అని ఏజెంట్లు తరచు చెబుతారు. ఇనుము విలువ వరకు చూస్తే ఆ మాట నిజమే. వెనుక కూర్చున్న మనిషిని లెక్కలోకి తీసుకుంటే నిజం కాదు.

ప్రయాణికులకు, తప్పు ఎవరిదైనా వర్తించే చిన్న ప్రమాద బీమా కూడా అదనంగా దొరుకుతుంది. ప్రామాణిక నియమాల ప్రకారం కారులో ఒక్కొక్కరికి 2 లక్షల వరకు, ద్విచక్ర వాహనంపై లక్ష వరకు తీసుకోవచ్చు. మొదట చెప్పిన, అడిగితే తప్ప రాని హామీ ఇదే.

సంక్రాంతికి సొంత కారులో ఊరికి వెళుతూ పెట్రోలు ఖర్చుకని తలకింత వసూలు చేసి ముగ్గురు నలుగురిని ఎక్కించుకోవడం ఈ నగరంలో మామూలే. సొంత వాడకపు కారును కిరాయికి తిప్పినట్టు తేలితే ప్రయాణికుల రక్షణే ప్రశ్నార్థకమవుతుంది. ఆర్సీలో రాసిన సీట్ల సంఖ్యకు మించి ఎక్కించినా చిక్కే.

పరాయివారి ఆస్తి

ఇక్కడ మాత్రం పరిమితి ఉంది. ఎదుటివారి వాహనానికో, ప్రహరీ గోడకో కలిగించే నష్టానికి కారు పాలసీలో 7,50,000 రూపాయలు, ద్విచక్ర వాహన పాలసీలో లక్ష రూపాయలు గరిష్ఠం. దీనిని 6,000 రూపాయలకు తగ్గించుకొనే వీలు కూడా ఉంది. అందుకు ప్రీమియంలో కారుకు వంద రూపాయలో, బండికి యాభయ్యో తగ్గుతుంది. ఖరీదైన కార్లు బారులు తీరే ఔటర్ రింగు రోడ్డు మీద ఆరువేల రూపాయల హామీకి అర్థమే లేదు. పాలసీ షెడ్యూలులో ‘లిమిట్స్ ఆఫ్ లయబిలిటీ’ అనే వరుస దగ్గర ఏ అంకె ఉందో ఒకసారి చదివితే చాలు.

సొంత వాహనం విలువ

పాలసీలో ఐడీవీ అని రాసేది వాహనం పూర్తిగా పోయినా, దొంగతనమైనా చేతికి వచ్చే గరిష్ఠ మొత్తం. కంపెనీ ప్రకటించిన ధర 8 లక్షలు, కారు వయసు రెండేళ్ళు దాటి మూడేళ్ళ లోపు అయితే 30 శాతం తరుగు పోగా ఐడీవీ 5,60,000. దానిని తగ్గించి ప్రీమియం చౌకగా చూపించడం అమ్మకపు ఎత్తుగడ. కారు మీద బ్యాంకు అప్పు ఇంకా 5 లక్షలుండగా ఐడీవీ నాలుగున్నరకు దిగితే, కారు పోయిన తరువాత కూడా వాయిదాలు మిగులుతాయి. ప్రీమియం తగ్గించుకోవాలంటే అంతకన్నా మంచి దారి, ప్రతి క్లెయిమ్‌లోనూ మొదటి కొన్ని వేలు తానే భరిస్తానని ఒప్పుకోవడం. చిన్న గీతలు, నొక్కులు ఇంటి ఖర్చులో పోతాయి. నో క్లెయిమ్ బోనస్ కూడా నిలుస్తుంది. క్లెయిమ్ లేకుండా అయిదేళ్ళు గడిస్తే సొంత నష్టపు ప్రీమియంలో 50 శాతం వరకు తగ్గుతుంది. గడువు తీరి 90 రోజులు దాటితే ఆ బోనస్ పోతుంది.

2022 సెప్టెంబరు వానలకు ఔటర్ రింగు రోడ్డు పక్కన సెల్లార్లలో కార్లు మునిగిన సంగతి ఇక్కడివారికి గుర్తుండే ఉంటుంది. వరద నష్టం ప్యాకేజీ పాలసీలోకి వస్తుంది. కాని నీరు చేరిన ఇంజనును స్టార్టు చేసినందువల్ల కలిగే నష్టం సాధారణంగా రాదు. పల్లంలో ఉన్న అపార్టుమెంటువారికి ‘ఇంజన్ ప్రొటెక్షన్’ అదనపు కవర్ అవసరం. మూడో అంతస్తు పార్కింగు ఉన్నవారికి అంత అవసరం లేదు.

హామీ చెదిరే సందర్భాలు

అపరిమితమని చెప్పిన థర్డ్ పార్టీ హామీ కూడా కొన్ని సందర్భాలలో యజమాని మీదికే తిరిగి వస్తుంది. నడిపినవారికి తగిన లైసెన్సు లేదని, అది తెలిసీ యజమాని బండి ఇచ్చాడని తేలితే, బీమా సంస్థ బాధితులకు చెల్లించి ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. అపార్టుమెంటు లోపలే కదా అని పదిహేనేళ్ళ పిల్లవానికి స్కూటరు తాళం ఇచ్చే తల్లిదండ్రులు దీనిని తప్పక గమనించాలి. 199ఏ సెక్షన్ కింద సంరక్షకునికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు, ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దు అదనం.

పాత కారు కొన్నవారు పాలసీని కూడా పద్నాలుగు రోజులలో తమ పేరుకు మార్చమని కోరాలి. థర్డ్ పార్టీ హామీ దానంతట అదే కొత్త యజమానికి వర్తిస్తుంది. సొంత నష్టపు హామీ అలా వర్తించదు.

ప్రమాదం నగరంలో కాక చిత్తూరు దారిలోనో, కర్నూలు దారిలోనో జరిగినా, పరిహారం కోరే కుటుంబం తాము నివసిస్తున్న చోటి ట్రైబ్యునల్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. బీమా సంస్థ తన పాలసీదారు క్లెయిమ్‌ను తిరస్కరించినా, ఫిర్యాదుకు నెల రోజులలో బదులివ్వకపోయినా, బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. కర్ణాటకకు ఆ కార్యాలయం బెంగుళూరులోనే ఉంది. తమిళనాడుకు చెన్నైలో, ఒడిశాకు భువనేశ్వర్‌లో ఉన్నాయి. యానాం మాత్రం పుదుచ్చేరి ప్రాంతమైనా హైదరాబాదు కార్యాలయం కిందికి వస్తుంది.