సర్వర్ గదిలో 32 ఆంపియర్ల సాకెట్

ప్రశ్న: మా ఆఫీసు సర్వర్ గదిలో 32 ఆంపియర్ల నీలం ఇండస్ట్రియల్ సాకెట్ ఉంది. రాక్‌లోని పవర్ స్ట్రిప్‌కు 16 ఆంపియర్ల ప్లగ్గు. మధ్యలో అడాప్టర్ వైరు కట్టించుకోవచ్చా?

జవాబు: ఉత్త వైరుతో వద్దండి. చిక్కంతా సాకెట్ వెనకున్న ఎంసీబీతోనే. అది 32 ఆంపియర్లది. పవర్ స్ట్రిప్‌కున్న సన్న కేబుల్లో 25 ఆంపియర్లు పారినా అది ట్రిప్ కాదు, కేబుల్ కాగిపోతుంది. 32 ఆంపియర్ల ప్లగ్గు, ఒక్కో లైనుకూ విడిగా 16 ఆంపియర్ల బ్రేకరూ ఉన్న పీడీయూ (రాక్‌లో కరెంటు పంచే పవర్ స్ట్రిప్) కొనండి. ఎర్ర అయిదు పిన్నుల సాకెట్టయితే అది త్రీఫేజ్, న్యూట్రల్ ఊడితే సర్వర్లు మాడిపోవచ్చు. దాని జోలికి మీరుగా వెళ్లకండి.

లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ చెక్ చేయించాకే స్విచ్చి వేయండి. సర్వర్ల పవర్ సప్లైల నుంచి కాస్త కరెంటు ఎప్పుడూ ఎర్తులోకి పోతూనే ఉంటుంది. ఎర్త్ తెగితే అది రాక్ బాడీకే ఎక్కుతుంది.