పాత షార్ట్ ఫిల్మ్ బృందాలకు సరదా అవార్డుల సాయంత్రం: ఎలా చేయాలి?

2010 తర్వాత డీఎస్ఎల్ఆర్ కెమెరాలు అద్దెకు దొరకడం మొదలయ్యాక హైదరాబాద్‌లో యూట్యూబ్‌ను నమ్ముకుని షార్ట్ ఫిల్ములు తీసినవాళ్లు ఎందరో. నటుడు రాజ్ తరుణ్, దర్శకుడు తరుణ్ భాస్కర్ షార్ట్ ఫిల్ముల దారిలోనే పెద్ద తెరకు వెళ్లారు. మిగతావాళ్లలో కొందరు ఎడిటింగ్ రూముల్లో, కొందరు ఐటీ ఉద్యోగాల్లో, కొందరు డాలస్‌లో ఉన్నారు. వాళ్లందరినీ మళ్లీ ఒకచోట కూర్చోబెడదాం. అవార్డులు సాకు మాత్రమే. మాట్లాడుకోవడానికి టైము మిగిలేలా ప్రతి అడుగూ వేద్దాం.

కావలసినవి

• అరవై, ఎనభై మంది పట్టే హాలు. రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ లాంటి చోటు సినిమా చూడటానికి బాగుంటుంది. మనకు మాత్రం ప్లేటు పట్టుకుని కబుర్లాడే జాగా కూడా కావాలి. అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్ అయినా సరిపోతుంది.
• ప్రొజెక్టర్, తెర, రెండు మైకులు. ఒకటి యాంకర్‌కి, ఇంకొకటి కింద కూర్చున్నవాళ్లకి.
• స్టేజీ నుంచి ప్రొజెక్టర్ దాకా అందే హెచ్‌డీఎంఐ కేబుల్. హాలువాళ్లు 'ఉంది సార్' అన్నా మనది మనం తీసుకెళ్దాం.
• పాత ఫుటేజ్ ఉన్న హార్డ్ డిస్కులు. వీటిని రెండు నెలల ముందే బయటికి తీద్దాం. ఏళ్ల తరబడి అటక మీద ఉన్న డిస్కు మొదటిసారి తెరుచుకోకపోవచ్చు.

చేసే విధానం

1. తేదీ. సినిమావాళ్లకు సాధారణంగా నెలలో రెండో ఆదివారం సెలవు. ఇండస్ట్రీలో పనిచేస్తున్నవాళ్లు రావాలంటే అదే మంచి రోజు. ఆ రోజు పెళ్లి ముహూర్తాలున్నాయేమో చూసుకోండి. ఉంటే హాలూ దొరకదు, మనుషులూ దొరకరు.

2. పేర్ల జాబితా. ఫోన్ కాంటాక్టులు చూసి రాయకండి, ఎవరో ఒకరు తప్పిపోతారు. ప్రతి ఫిల్మ్ ఎండ్ టైటిల్స్ పాజ్ చేసి ఒక్కో పేరూ రాసుకుందాం. తర్వాత ఆ డైరెక్టర్‌కి ఫోన్ చేసి 'టైటిల్స్‌లో పేరు వేయకుండా వదిలేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?' అని అడుగుదాం. ఈ ఒక్క ప్రశ్నతో లైట్లు మోసిన తమ్ముడు, షూటింగ్‌కి ఇల్లిచ్చి అందరికీ ఉప్మా పెట్టిన అమ్మ జాబితాలోకి వస్తారు.

3. అవార్డులు. ఇది నిదానంగా చేయాల్సిన పని. ఉత్తమ నటుడు, ఉత్తమ దర్శకుడు వద్దు. అవి పెడితే పోటీ వస్తుంది, పాత అలకలు పైకి లేస్తాయి. సెట్‌లో నిజంగా జరిగిన వాటి నుంచే పేర్లు తీద్దాం. లైవ్ సౌండ్ కోసం ఫ్రిజ్ ఆపి, ప్యాకప్ అయ్యాక ఆన్ చేయడం మరిచినవాళ్లకు 'చల్లారిన ఫ్రిజ్' అవార్డు. దాంతో ఎవరింట్లో పెరుగు పాడైందో ఆ ఇంటివాళ్ల చేతనే ఇప్పిద్దాం. ఫ్రేములో బూమ్ మైకు నీడ పడిన షాట్‌కి 'ఉత్తమ అతిథి పాత్ర'. పది మంది హీరోలు నడిపిన ఒకే బైకుకి 'జీవితకాల సాఫల్య పురస్కారం', అందుకునేది బైకు ఓనరు. నవ్వు జరిగిన సంగతి మీద రావాలి. మనిషి రూపం మీద, యాస మీద, ఆగిపోయిన కెరీర్ మీద రాకూడదు. పది, పన్నెండు అవార్డులు చాలు.

4. అనుమతి. అవార్డు గుట్టుగా ఉంచినా, విషయం మాత్రం చూచాయగా చెప్పి 'దీని మీద నవ్వుకుందామా?' అని అడగాలి. మొహమాటంగా 'సరేలే' అన్నారంటే ఆ అవార్డు తీసేయండి.

5. క్లిప్పులు. ఒక్కో అవార్డుకి ఇరవై, ముప్పై సెకన్ల క్లిప్. క్లిప్ ముందు, పేరు తర్వాత. ఈ వరుస తిరగబడితే నవ్వు రాదు. అన్నిటినీ 1920×1080 ఎంపీ4గా మార్చి సౌండ్ ఒకే స్థాయికి తెద్దాం. లేకపోతే ఒకటి గుసగుసలా, పక్కది చెవులు పగిలేలా వినిపిస్తుంది. డాలస్‌వాళ్లను లైవ్ వీడియో కాల్‌లో కలపాలనిపిస్తుంది. కానీ మనకు రాత్రి ఏడయితే అక్కడ పొద్దున్నే, పైగా నెట్ ఆగితే హాలంతా ఎదురుచూడాలి. ఒక నిమిషం వీడియో ముందే తెప్పించుకుందాం.

6. మెమెంటో. చిన్న క్లాప్ బోర్డు ఆకారంలో ప్లైవుడ్ ముక్క, దాని మీద సీన్ నంబర్ చోట అవార్డు పేరు. స్పెల్లింగ్ ఆ మనిషినే అడిగి రాయించండి.

7. ఆ సాయంత్రం వరుస. ఆరింటికి టీ, మిర్చి బజ్జీ, గంటసేపు కబుర్లు. ఏడింటికి మొదట మనల్ని విడిచి వెళ్లినవాళ్ల జ్ఞాపకాలు. వాళ్ల ఇంటివాళ్లతో ముందే మాట్లాడి, వస్తామంటే ముందు వరుసలో కూర్చోబెడదాం. దీన్ని సరదా అవార్డుల మధ్య ఇరికించకండి. తర్వాత సగం అవార్డులు, గ్రూప్ ఫోటో, మిగతా సగం, భోజనాలు. ఫోటో చివరికి పెడితే సగం మంది పార్కింగ్‌లో ఉంటారు. 1929 మే 16న హాలీవుడ్ రూజ్‌వెల్ట్ హోటల్లో మొదటి ఆస్కార్ల ప్రదానం పావుగంటలో ముగిసింది. మనది గంటలో ముగించడం కష్టమేమీ కాదు.

సాధారణంగా జరిగే తప్పులు

1. ముఖ్య అతిథి కోసం ఆగడం. పేరున్నవాళ్లను పిలిస్తే పిలవండి, కార్యక్రమం మాత్రం చెప్పిన టైముకి మొదలుపెట్టండి. శాలువాలు, ఉపన్యాసాలు మొదలయ్యాయంటే మన గంట అక్కడే అయిపోతుంది.

2. తెలుగు అక్షరాలు డబ్బాలైపోవడం. మన ల్యాప్‌టాప్‌లో చక్కగా కనిపించిన స్లైడ్, ఆ ఫాంట్ లేని హాలువాళ్ల ల్యాప్‌టాప్‌లో ఖాళీ గళ్లుగా కనిపించవచ్చు. స్లైడ్లన్నీ బొమ్మలుగా సేవ్ చేసి పెన్ డ్రైవ్‌లో వేసుకుందాం. తెర మీద పడకుండా వాట్సాప్ నోటిఫికేషన్లూ ఆపేద్దాం.

3. పాటల లైసెన్సు మరవడం. బయటి హాల్లో సినిమా పాటలు వేస్తే పాటల హక్కులు చూసే ఐపీఆర్‌ఎస్, పీపీఎల్ సంస్థల లైసెన్సుల సంగతి బుకింగ్ రోజే అడగాలి.

4. అవార్డు రానివాళ్లను వదిలేయడం. చివర్లో యాంకర్ ఒక్కో ఫిల్మ్ పేరు చదివి ఆ బృందాన్నంతా లేచి నిలబడమనాలి. ఇక్కడ ఒక్క పేరూ తప్పిపోకూడదు. రెండో అడుగులో అంత కష్టపడి జాబితా రాసింది ఇందుకే.

5. వీడియోలు ఒకే డిస్కులో దాచడం. ఆ వారంలోనే రెండు చోట్ల కాపీ చేసి, ఫోటోలు అందరికీ పంపండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గుతుంది, డ్రైవ్ లింక్ ఇవ్వండి.