చెవి మిషన్: ఏ రకం తీసుకోవాలి, ఎలా చూసుకోవాలి
(చెన్నూరు మండలంలోని లబ్ధిదారులు, వారి ఇంట్లో వాళ్ల కోసం)

ఉచితంగా వచ్చిన చెవి మిషన్ బీరువాలో పడి ఉండే ఇళ్లు తక్కువేం కాదు. "పెట్టుకుంటే కుయ్యిమంటాంది, తీసేసినా" అంటుంది అవ్వ. చాలాసార్లు మిషన్ మంచిదే. చెవికి తగిన రకం కాకపోవడమో, పెట్టుకునే పద్ధతి ఎవరూ చూపించకపోవడమో అసలు కారణం.

ముందు పరీక్ష
మిషన్ కంటే ముందు చెవి డాక్టరుకు చూపించుకోండి. గుమిలి గట్టిపడి వినపడకపోతే, అది తీయిస్తే చాలు. చీము కారుతుంటే ముందు వైద్యం చేయించుకోవాలి. కడప సర్వజన ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంది. సంతలో, ఆన్‌లైన్‌లో పరీక్ష లేకుండా అమ్మేవి అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచుతాయి. వాటి మీద పింఛను డబ్బు పెట్టొద్దు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి లోపం, 70 దాటితే చెవుడు.

ఏ పథకం?
కేంద్రం నడిపే ఏడిఐపి పథకానికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. నెల ఆదాయం రూ.22,500 లోపైతే మిషన్ పూర్తి ఉచితం, రూ.30,000 లోపైతే సగం ఖర్చు ఇస్తారు. గత 3 ఏళ్లలో ఇదే సాయం తీసుకుని ఉండకూడదు. 12 ఏళ్లలోపు పిల్లలకు ఇది 1 ఏడాదే. 60 దాటిన పేద వృద్ధులకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017 ఏప్రిల్‌లో మన నెల్లూరులోనే మొదలైంది. సదరం స్లాటు గురించి మీ సచివాలయంలో అడగండి.

ఏ రకం?
"కనపడకుండా ఉండేది ఇప్పించండి సార్" అని అడిగేవాళ్లే ఎక్కువ. చెవి లోపల పెట్టే చిన్న మిషన్‌కు బ్యాటరీ కందిబేడంత. వేళ్లు వణికే తాతకు అది మార్చడం కష్టం, గుమిలికి తొందరగా మూసుకుపోతుంది, ఎక్కువ లోపానికి బలం చాలదు. చాలామందికి చెవి వెనక పెట్టే రకమే నయం. దాంట్లో చెవిలోకి వెళ్లే అచ్చు మీ చెవి కొలతకే చేయించుకోవాలి, వేరేవాళ్లది పనికిరాదు. పిల్లలకు చెవి పెరిగే కొద్దీ అచ్చు మార్చాలి. జేబులో పెట్టుకునే వైరు రకం బటన్లు పెద్దవి, చూపు తగ్గినవాళ్లకు సులువు. కానీ చొక్కాకు రాసుకుని గరగరమంటుంది.

మొదటి వారం రోజుకు గంటో, రెండు గంటలో ఇంట్లోనే పెట్టుకోండి. గిన్నెల చప్పుడు, ఫ్యాను హోరు మొదట విసుగు పుట్టిస్తాయి. మెల్లగా అలవాటవుతుంది. ఇంట్లోవాళ్లు అరవకుండా, ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడండి.

చూసుకోవడం
మన ఎండకు చెమటే పెద్ద శత్రువు. పొలం పనికి పోయేటప్పుడు తీసి డబ్బాలో పెట్టండి. తలస్నానానికి ముందు, నూనె రాసుకునే ముందు తీసేయాలి. కిటికీలో ఎండకు పెట్టొద్దు. రాత్రి బ్యాటరీ మూత తెరిచి, తేమ పీల్చే సిలికా పొట్లంతో పాటు డబ్బాలో ఉంచండి. అచ్చును మాత్రమే మిషన్ నుంచి విడదీసి గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాక బిగించాలి. మిషన్‌కు నీళ్లు తగలకూడదు.

బ్యాటరీ మీది రంగు స్టిక్కర్ తీసి ఒక నిమిషం ఆగి వేయండి. స్టిక్కర్ తీశాక వాడకపోయినా అయిపోతుంది, కాబట్టి ముందే తీసి పెట్టుకోవద్దు. నారింజ రంగుది 13 నంబరు, నీలం 675. కొనేటప్పుడు పాతది చూపించండి. పిల్లలు మింగితే ప్రాణానికే ప్రమాదం, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కుయ్యిమంటే అచ్చు సరిగా కూర్చుందో చూడండి. వాల్యూమ్ కొంచెం తగ్గించండి. అయినా ఆగకపోతే చెవిలో గుమిలి ఉందేమో డాక్టరుకు చూపించండి. సూదితో, అగ్గిపుల్లతో పొడవొద్దు, చెవిలోనూ, మిషన్‌లోనూ. మిషన్‌తో ఇచ్చిన కార్డు, బిల్లు పారేయకండి, మరమ్మతుకు అవే అడుగుతారు.