కంపెనీలు ఎందుకున్నాయి? చిన్న జట్ల లెక్క

బజారులో అన్ని పనులకూ మనుషులు దొరుకుతున్నప్పుడు కంపెనీలెందుకు? 1937లో రొనాల్డ్ కోస్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త "ది నేచర్ ఆఫ్ ద ఫర్మ్" వ్యాసంలో వేసిన ప్రశ్న స్థూలంగా ఇదే. బయటివాడితో పని చేయించుకోవాలంటే అతన్ని వెతకాలి, బేరమాడాలి, ఒప్పందం రాసుకోవాలి, పని సరిగ్గా చేశాడో లేదో చూసుకోవాలి. జీతమిచ్చి పెట్టుకోవడం కన్నా ఈ ఖర్చు ఎక్కువగా ఉన్నంతకాలం కంపెనీ పెరుగుతుంది. తక్కువైతే పని బయటికి పోతుంది. 1991లో ఆయనకొచ్చిన నోబెల్ బహుమతికి ముఖ్యకారణాల్లో ఈ వ్యాసం ఒకటి.

ఇంటర్నెట్ వచ్చాక వెతకడం, డబ్బు పంపడం దాదాపు ఉచితమైపోయాయి. 1999లో ఈలాన్స్, 2003లో ఓడెస్క్ మొదలయ్యాయి. తర్వాత రెండూ కలిసిపోయి 2015లో అప్‌వర్క్ అయ్యాయి. జట్టు చిన్నదైతే ఇంకో లాభం కూడా ఉంది. ఐదుగురి మధ్య మాటామంతీకి 10 దారులుంటే, యాభైమంది మధ్య 1225 ఉంటాయి. మన మీటింగులన్నీ అక్కడివే. 2014లో ఫేస్‌బుక్ కొనేనాటికి వాట్సాప్‌లో 55 మందే ఉద్యోగులు, వాడేవాళ్ళు 45 కోట్లు.

మరి పెద్ద కంపెనీలు ఎందుకు కరిగిపోలేదు? నా ఉద్దేశంలో కోస్ చెప్పిన ఖర్చుల్లో ఒకటి తగ్గలేదు: నమ్మకం. నక్షత్రాల రేటింగు చూసి లోగో గీయించుకోవచ్చు గానీ, బ్యాంకు పేమెంట్ల కోడు చేతికివ్వలేం.

సినిమావాళ్ళు ఈ దారిలో మనకన్నా చాలా ముందున్నారు. "పాతాళభైరవి" (1951) రోజుల్లో విజయా సంస్థ నటుల్ని నెలజీతం మీద పెట్టుకునేది. ఇప్పుడు ప్రతి సినిమాకీ ఒక యూనిట్ పుడుతుంది, గుమ్మడికాయ కొట్టగానే విడిపోతుంది. అయినా దర్శకుడు ఫలానా కెమెరామనే కావాలంటాడు. ఎందుకు? ఇంతకుముందు అతనితో పనిచేశాడు కాబట్టి. రేట్లూ, పనిగంటలూ మాట్లాడటానికి 24 క్రాఫ్టుల సంఘాలున్నాయి. ప్రోగ్రామర్లకు మొదటిది కొద్దో గొప్పో ఉంది, రెండోది లేదు.

అమెరికాలో మన సంగతికొస్తే, నమ్మకం ఖరీదు ప్రతి టైమ్‌షీటులోనూ కనిపిస్తుంది. పైన క్లయింటు, కింద ప్రైమ్ వెండరు, ఆ కింద ఇంకో వెండరు, చివర మన వీసా పెట్టిన కన్సల్టెన్సీ. తలా కొంత కోసుకున్నాక మిగిలేదే మన రేటు. ఇదంతా దళారుల అత్యాశే అనుకుంటే పొరపాటు. 1986 పన్ను సంస్కరణ చట్టంలోని 1706వ సెక్షన్, మధ్యవర్తి ద్వారా పనిచేసే ప్రోగ్రామర్లను స్వతంత్ర కాంట్రాక్టర్లుగా చూపడానికి అప్పటిదాకా ఉన్న రక్షణను తీసేసింది. దాంతో ఎవరో ఒకరి పేరోల్ మీద ఉన్న మనిషయితేనే క్లయింటుకు నిశ్చింత. హెచ్-1బి వాళ్ళకు ఇంకో ముడి: పిటిషన్ వేసిన యజమానికి తప్ప పక్కపని చేయకూడదు. సొంత కంపెనీ ద్వారా పిటిషన్ వేసుకునే వీలును 2025 జనవరిలో వచ్చిన నిబంధనలు స్పష్టం చేశాయి గానీ, కంపెనీ తన చేతుల్లోనే ఉన్నవాళ్ళకు మొదటి అనుమతి, మొదటి పొడిగింపు ఒక్కొక్కటి 18 నెలలకు మించదు. టెక్నాలజీ ఎప్పుడో సిద్ధమైంది, కాగితాలే వెనకబడ్డాయి.

అందుకే విడివిడి ఫ్రీలాన్సర్ల కన్నా, ఒకే ప్రాజెక్టులో కలిసి నలిగిన నలుగురైదుగురి జట్టుకే భవిష్యత్తు ఎక్కువని నాకనిపిస్తుంది. వాళ్ళ మధ్య నమ్మకం ఖర్చు ముందే చెల్లించేసి ఉంటుంది. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళు దీన్ని ఇవాళే మొదలుపెట్టవచ్చు. అయితే ఇన్సూరెన్సు ఎవరి భార్య లేదా భర్త ఉద్యోగం ద్వారా వస్తుందో ముందు చూసుకోవాలి. చాలా జట్లు ఆగిపోయేది అక్కడే.

ఒప్పందంలో మాత్రం మొహమాటం వద్దు. కాంట్రాక్టరు రాసిన కోడు డబ్బిచ్చినవాడిదే అనుకుంటాం. అమెరికా కాపీరైట్ చట్టంలో అలా లేదు. ఒక శిల్పం విషయమై వచ్చిన సి.సి.ఎన్.వి. వర్సెస్ రీడ్ కేసులో 1989లో సుప్రీంకోర్టు ఉద్యోగికీ కాంట్రాక్టరుకూ తేడా గీసింది. హక్కులు బదిలీ చేస్తున్నట్టు రాతపూర్వకంగా లేకపోతే, మామూలుగా కోడు రాసినవాడి దగ్గరే ఉండిపోతుంది. జట్టులోని స్నేహితుడు రాసినదైనా అంతే.