పక్షానికో రోజు ఆసుపత్రిది, మిగతావన్నీ పిల్లాడివి

రాజమహేంద్రవరం

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

బాబు పొట్ట పెరగడం నులిపురుగుల వల్ల కాదట, గౌషర్ అనే జబ్బట, హైదరాబాద్ నుంచి రిపోర్టు వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎవరూ వినని పేరు కావడంతో ఇల్లంతా బెంబేలెత్తిపోయారని కూడా అంది. అందుకే తెలిసినదంతా ఒకచోట రాసి పంపడం. తీరిగ్గా చదువు. అల్లుడుగారి చేతా, మీ అత్తగారి చేతా కూడా చదివించు.

ముందు మన కోనసీమలో జరిగిందే చెప్పాలి. 2022 జులై వరదలు నీకు గుర్తుండే ఉంటాయి. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంకలు లంకలే మునిగాయి. ఆ నెలాఖరులో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి వరద ఊళ్లు చూడ్డానికి వచ్చారు. చూడ్డానికి చేరిన జనంలో ఒక తల్లీతండ్రీ సాయం కోరుతూ ప్లకార్డు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ల చిన్నారికి ఇదే జబ్బు. ఇంజెక్షన్ ఒక్కోటి అప్పట్లో లక్ష రూపాయల పైమాటే. ఆ ప్లకార్డు ముఖ్యమంత్రి కంటపడింది, కలెక్టరుకు ఆదేశం వెళ్లింది, ప్రభుత్వం కోటి రూపాయలు మంజూరు చేసింది. ఆ అక్టోబరులోనే అమలాపురం ఏరియా ఆసుపత్రిలో పాపకు ఇంజెక్షన్లు మొదలయ్యాయి. అమెరికాలోనో ఢిల్లీలోనో కాదు, మన అమలాపురంలో!

ఆ దంపతులు చేసిన పని చిన్నది కాదు. బిడ్డకు పెద్ద జబ్బు వస్తే నలుగురికీ తెలియనివ్వకుండా దాచుకునే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. దాచుకుంటే లక్షల మందు ఇంటికి నడిచి రాదు. వాళ్లు పదిమందిలో నిలబడి అడిగారు, అడిగారు కాబట్టే దొరికింది. మీరూ అడగాలి. ఎలా అడగాలో తర్వాత చెబుతా, ముందు జబ్బు సంగతి.

1882లో ఫిలిప్ గౌషర్ అనే ఫ్రెంచి వైద్యుడు, ప్లీహం బాగా పెరిగిపోయిన 32 ఏళ్ల స్త్రీని చూసి దీని గురించి మొదట రాశాడు. అదొక రకం కణితి అనుకున్నాడాయన. అసలు కారణం చాలాకాలానికి, 1960లలో అమెరికాలో రాస్కో బ్రేడీ బృందం కనిపెట్టింది. అరిగిపోయిన రక్తకణాల్లోంచి వచ్చే ఒక రకం కొవ్వును విడగొట్టే ఎంజైము ఈ పిల్లల్లో చాలా తక్కువ. గుర్రపుడెక్క తీయని పంటకాలువలాగా ఆ కొవ్వు కాలేయంలో, ప్లీహంలో, ఎముకల మజ్జలో మేటలు వేసుకుంటూ పోతుంది. మనవాళ్లు బల్ల పెరిగింది అనేది ఈ ప్లీహం పెరగడాన్నే. రక్తహీనత, కాస్త తగిలితే ఒంటి మీద కమిలిన మచ్చలు, ముక్కులోంచి రక్తం, రాత్రిళ్లు కాళ్లు లాగుతున్నాయని ఏడవడం, ఎదుగుదల మందగించడం, అన్నీ దీని వల్లే.

ఇందులో నీ తిండి తప్పు లేదు, గ్రహణం తప్పు లేదు, దిష్టి అసలే లేదు. ఒంట్లో కొవ్వు పేరుకుంటోందని వినగానే పిల్లాడికి నెయ్యీ పాలూ మానిపించమనే వాళ్లు బయలుదేరతారు. ఆ కొవ్వు గిన్నెలోంచి వచ్చేది కాదు, శరీరం తనంతట తాను తయారు చేసుకునేది. ఈ జబ్బుకు ప్రత్యేకమైన పథ్యమేమీ లేదు, పప్పన్నంలో నెయ్యి వేసే పెట్టు. పొట్ట మీద వాతలు పెడితే బల్ల తగ్గుతుందనే మాట, పసరు మందుల మాట ఎవరు ఎత్తినా, ఎంత దగ్గరివాళ్లయినా, అక్కడే ఆపెయ్యి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న బిడ్డ ఒంటికి అవి ప్రమాదం.

మేనరికం మాట కూడా ఇంట్లో వచ్చే ఉంటుంది. తల్లి దగ్గర ఒకటి, తండ్రి దగ్గర ఒకటి లోపమున్న జన్యువు ఉండి, ఆ రెండూ బిడ్డకు చేరితేనే ఈ జబ్బు వస్తుంది. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. దగ్గర సంబంధాల్లో ఇలా కలిసే వీలు ఎక్కువన్నది నిజమే, బయట సంబంధాల్లోనూ కలుస్తుంది. పుట్టింటిదా అత్తింటిదా అనే తగువుకు చోటే లేదు, ఇద్దరిదీ సమానమే. ఆ లెక్క నిందలు వేసుకోవడానికి కాదు, రేపటి కోసం పెట్టుకోవాలి. మళ్లీ కడుపు పండితే మూడో నెలలోనే పరీక్ష చేసి చెప్పగలరు. అసలు అంతకంటే ముందే జన్యు వైద్యుల దగ్గర కూర్చుని మాట్లాడాలి.

చికిత్స ఉన్న అరుదైన జబ్బులు తక్కువ. గౌషర్ ఆ కొద్దిలో ఒకటి. బ్రేడీ దగ్గరికి 1980ల మొదట్లో బ్రయన్ బెర్మన్ అనే నాలుగేళ్ల పిల్లాణ్ణి తీసుకొచ్చారు. తల్లి స్వయంగా డాక్టరు. అప్పటి పద్ధతిలో ప్లీహం తీసెయ్యడమే దారి. ఆవిడ ఒప్పుకోలేదు, ఒంట్లో తక్కువైన ఎంజైమునే బయటి నుంచి ఎక్కించే కొత్త మందు ప్రయత్నించమంది. అప్పట్లో ఆ ఎంజైమును కాన్పుల తర్వాత పారేసే మాయల్లోంచి తీసేవారు. ఒక్క రోగికి ఏడాదికి సుమారు ఇరవై వేల మాయలు కావలసి వచ్చేవి! పిల్లాడి రక్తం పుంజుకుంది, పొట్ట తగ్గింది. 1984లో ఆ తల్లి అమెరికాలో గౌషర్ కుటుంబాల కోసం ఒక సంస్థ పెట్టింది. ఆ కొడుకే పెద్దయ్యాక దాన్ని నడిపాడు. ఇది చదివాక ఒక్కసారి మీ వాడి వైపు చూడు.

1991లో ఆ మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. 1994 నుంచి మాయల అవసరం లేకుండా ప్రయోగశాలలో పెంచిన కణాల నుంచి తీస్తున్నారు. మన పిల్లలకు ఎక్కించే ఇమిగ్లూసెరేజ్ అదే.

డాక్టరుగారిని తప్పక అడగాల్సిన ప్రశ్న, మనవాడిది ఏ రకం అని. మొదటి రకంలో మెదడు జోలికి వెళ్లదు. రెండోది పసికందుల్లో వచ్చే చాలా తీవ్రమైన రకం. మూడో రకంలో నరాల మీద ప్రభావం మెల్లగా కనిపిస్తుంది. ఈ ఎంజైము రక్తంలోంచి మెదడులోకి చేరలేదు కనుక, మూడో రకంలో పొట్టకూ రక్తానికీ మేలు చేసినా మెదడుకు చెయ్యలేదు. కళ్లు పక్కలకు తిప్పలేకపోవడం, తూలడం లాంటివి గమనిస్తూ ఉండమని అందుకే చెబుతారు. జవాబు మనకు నచ్చేది కాకపోయినా తెలుసుకోవాలి. డాక్టరు చెప్పకుండా దాటేశారనిపిస్తే మళ్లీ అడుగు.

డబ్బు సంగతి. మందు మోతాదు బరువును బట్టి, పిల్లలకు సాధారణంగా రెండు వారాలకోసారి కిలోకి 30 నుంచి 60 యూనిట్ల దాకా ఇస్తారు. సీసాకు 400 యూనిట్లు. 60 చొప్పున ఇస్తే 12 కిలోల బిడ్డకు 720, అంటే రెండు సీసాలు. 18 కిలోలయ్యేసరికి మూడు కావాలి. బిడ్డ కోలుకుని బరువు పెరిగిన కొద్దీ ఖర్చూ పెరుగుతుంది. పొలం అమ్మేసి గట్టెక్కేద్దామని అల్లుడుగారు అంటే ఈ లెక్క చూపించు. ఇది ఒకసారి ఆపరేషన్‌తో తీరే ఖర్చు కాదు, ఏళ్ల తరబడి సాగేది. ఏ రైతు ఇల్లూ ఒంటరిగా మొయ్యలేదు.

దీనికి 2014 ఏప్రిల్ 17న ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు ఒక దారి చూపింది. ఒక రిక్షా కార్మికుడి ఏడేళ్ల కొడుకుకు గౌషర్ జబ్బు. ఆ ఇంట్లో అంతకుముందే అదే జబ్బుతో పిల్లలు పోయారు. నెలకు ఆరు లక్షల మందు ఆ తండ్రి ఎక్కడ తెస్తాడు? బిడ్డకు ఉచితంగా చికిత్స ఇవ్వాల్సిందేనని జస్టిస్ మన్మోహన్ ఆదేశించారు. పేదవాడు కావడం వల్ల బిడ్డ బతుకు ఆగిపోకూడదన్నదే ఆ తీర్పు సారం. కేంద్రం 2021 మార్చిలో అరుదైన వ్యాధుల విధానం తెచ్చింది. 2022 మేలో సాయాన్ని రోగికి 50 లక్షల దాకా పెంచింది. అయితే ఆ డబ్బు మన చేతికి రాదు, గుర్తింపు పొందిన కేంద్రం ద్వారానే వస్తుంది. మనకు దగ్గర్లోది హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి నడిపేది. అక్కడ పేరు నమోదు కావాలి. 50 లక్షలు ఎల్లకాలం సరిపోవు కనుక రాష్ట్ర ప్రభుత్వానికీ కలెక్టరుకూ ఇప్పటి నుంచే అర్జీ పెట్టుకోవాలి. కంపెనీల ఉచిత మందు కార్యక్రమాల గురించి నిమ్స్‌లోనే అడగాలి. ఎంజైము పరీక్ష, జన్యు పరీక్ష, స్కానింగులు, రక్తపరీక్షలు తారీఖుల వరసన ఒక ఫైల్లో పెట్టి, నకళ్లు మూడు తీయించండి. ఆ ఫైలు అల్లుడుగారి బాధ్యత. నువ్వొక్కదానివే అన్నీ మొయ్యకు.

ఇక పిల్లాడి పెంపకం. ఉత్తరం మొదలుపెట్టిందే దీని కోసం.

మన ఇళ్లలో అన్నం తినకపోతే డాక్టరుతో సూది వేయిస్తామని బెదిరించడం మామూలు. మీ ఇంట్లో ఆ మాట ఇక వినపడకూడదు. వాడికి సూది శిక్ష కాదు, రెండు వారాలకోసారి జరిగే పని. నొప్పెట్టదని అబద్ధం కూడా చెప్పొద్దు. ఒకసారి మోసపోయిన పిల్లాడు రెండోసారి ఆసుపత్రి గేటు దగ్గరే ఏడుపు మొదలెడతాడు. కాసేపు నొప్పి ఉంటుంది, తర్వాత సెలైన్ ఎక్కేటప్పుడు ఒకటి రెండు గంటలు కూర్చోవాలి, అయిపోగానే ఇంటికొచ్చేస్తాం అని చెప్పు. గుచ్చేచోటు మొద్దుబారే క్రీము ముందుగా రాయమని నర్సమ్మను అడుగు. ఏ చేతికి వెయ్యాలో వాణ్ణే ఎంచుకోనివ్వు. కథల పుస్తకమో బొమ్మల పెట్టో ఆ రోజుకే అట్టేపెట్టు. మందు ఎక్కేటప్పుడు దద్దుర్లు, వణుకు, ఆయాసం కనిపిస్తే వెంటనే చెప్పాలని నీకూ, నీతో వచ్చేవాళ్లకూ తెలిసి ఉండాలి.

మిగతా పదమూడు రోజులూ వాడు మామూలు పిల్లాడే. అడిగినవన్నీ కొనివ్వడం, అక్కను కొట్టినా పాపం జబ్బు పిల్లాడని ఊరుకోవడం వాడికి మేలు కాదు. తప్పు చేస్తే కోప్పడు. పలకా బలపం పట్టించు. బడికి పంపు. టీచరుగారితో రెండు విషయాలే చెప్పు: పొట్టకు దెబ్బ తగలకూడదు, ముక్కులోంచి రక్తమొస్తే ఏం చెయ్యాలి. ప్లీహం తగ్గేదాకా కబడ్డీ, కుస్తీ లాంటివి వద్దు. పరుగులూ, గాలిపటాలూ, గోళీలూ ఆడుకోనివ్వు. టీకాలు వేళకు వేయించు. నొప్పులకు ఆస్పిరిన్ జాతి మాత్రలు వెయ్యొద్దు. పన్ను పీకించాలన్నా ముందు పెద్ద డాక్టరుకు చెప్పాలి.

పెద్దదాన్ని మరచిపోవద్దు. తమ్ముడి ఆసుపత్రి రోజున అమ్మమ్మ ఇంట్లో దిగబెట్టడమే అలవాటైతే, అదీ లోలోపల కుమిలిపోతుంది. అప్పుడప్పుడూ వెంట తీసుకెళ్లండి. దాని పరీక్షల రోజూ, పుట్టినరోజూ క్యాలెండర్లో ఆసుపత్రి తారీఖుల పక్కనే రాసి పెట్టండి.

మందు మొదలైన నెలకే పొట్ట తగ్గలేదేమని కంగారు పడొద్దు. రక్తం మెరుగవడానికి కొన్ని నెలలు, ప్లీహం తగ్గడానికి ఏడాది పైన, ఎముకలకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. మధ్యలో బాగానే ఉన్నాడు కదా అని మోతాదు దాటెయ్యకండి. అలా ఆపిన చోట జబ్బు మళ్లీ పేరుకుంటుంది.

మీది లంక ఊరు. మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, కరెంటు పోయే ఇంటి ఫ్రిజ్జులో కాక ఆసుపత్రిలోనే ఉంచమను. జులై, ఆగస్టుల్లో మొదటి వరద హెచ్చరిక రాగానే, రేవు దాటే పడవ కోసం చూడకుండా, బాబునూ ఫైలునూ తీసుకుని ఇక్కడికి వచ్చెయ్యండి. మేడ మీద గది ఖాళీగానే ఉంది. అక్కడి ఆసుపత్రికి వెళ్లలేకపోతే ఏ ఊళ్లో ఎక్కించాలో డాక్టరుగారితో ఈ వారంలోనే మాట్లాడి రాయించుకోండి. మీ అత్తగారిని ఆసుపత్రి రోజున వాడి పక్కన కూర్చోమను. ఆ గంటసేపైనా నువ్వు బయటికెళ్లి కాస్త టిఫిను తిను.

నిమ్స్‌లో తారీఖు దొరకగానే ఫోన్ చెయ్యి. గౌతమి ఎక్స్‌ప్రెస్‌కు టిక్కెట్లు పెదనాన్నగారు తీయిస్తారు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ