శిక్ష చాలదన్న ప్రభుత్వం

కనియంబాడి నుండి వేలూరుకు పోయే దారిలో, పట్టణం ఇంకా రాకముందే తొరపాడి వస్తుంది. అక్కడ ఎత్తైన గోడల వెనుక కేంద్ర కారాగారం ఉంది. మన పెద్దలు వేలూరును రాయవేలూరు అనేవారు. స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఎందరో తెలుగు నాయకులు ఈ రాయవేలూరు జైలులో శిక్ష అనుభవించారు. వారిలో అందరికన్నా ముందు వచ్చినవారిలో ఒకరు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ఆయన ఎవరినీ కొట్టలేదు, ఎవరి సొమ్మూ దోచలేదు. పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు.

హరిసర్వోత్తమరావు 1883లో కర్నూలులో జన్మించారు. మద్రాసులో ఎం.ఏ. చదివి, రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయ శిక్షణకు చేరారు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆ ఊరికి వచ్చి ఉపన్యసించారు. విద్యార్థులు ఉత్సాహంతో వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతులకు వెళ్ళారు. ఆ సందర్భంలో హరిసర్వోత్తమరావును కళాశాల నుండి తొలగించారు. ప్రభుత్వోద్యోగానికి తలుపులు మూసుకున్నాయి. ఆయన బెజవాడ చేరి 'స్వరాజ్య' అనే పత్రికను నడిపారు.

1908 మార్చిలో తిరునల్వేలిలో వ.ఉ. చిదంబరం పిళ్ళై మొదలైన నాయకులను నిర్బంధించారు. ప్రజలు తిరగబడ్డారు. మార్చి 13న జరిగిన కాల్పులలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ వార్త బెజవాడకు చేరింది. 'స్వరాజ్య' పత్రిక ఆంగ్ల ప్రభుత్వాన్ని క్రూరమైన పులితో పోలుస్తూ ఘాటుగా వ్రాసింది. ప్రభుత్వం సహించలేదు. హరిసర్వోత్తమరావుపైన, పత్రికతో సంబంధమున్న బోడి నారాయణరావుపైన రాజద్రోహ నేరం మోపింది.

రాజద్రోహం అంటే అప్పటి భారత శిక్షాస్మృతిలోని 124-ఎ సెక్షను. 1870లో దీనిని చేర్చి, 1898లో ఇంకా గట్టిపరచారు. ప్రభుత్వంపట్ల ద్వేషం గాని, ధిక్కారం గాని, విముఖత గాని కలిగించే మాటలు దీని క్రింద నేరాలుగా ఉండేవి. దొంగతనం జరిగితే సొమ్ము పోయినవాడు ఫిర్యాదు చేస్తాడు. రాజద్రోహం కేసు అలా నడిచేది కాదు. ప్రభుత్వం అనుమతి ఇస్తేనే కోర్టు ఆ కేసును చేపట్టవలసి ఉండేది. ఎవరిమీద కేసు పెట్టాలో, ఎవరిని వదిలివేయాలో ప్రభుత్వమే నిర్ణయించుకునేది. బాధితుణ్ణి నేనేనని చెప్పుకునేదీ అదే.

కృష్ణా జిల్లా సెషన్స్ కోర్టులో విచారణ జరిగింది. నేరం రుజువైందని జడ్జి తీర్పు చెప్పినా, నెలలలో లెక్కపెట్టదగిన స్వల్ప శిక్షతో సరిపెట్టారు. మామూలుగా ఇటువంటి చోట ముద్దాయి పై కోర్టుకు పోతాడు. ఇక్కడ ప్రభుత్వమే మద్రాసు హైకోర్టుకు వెళ్ళింది. శిక్ష చాలదని, పెంచాలని కోరింది. హైకోర్టు హరిసర్వోత్తమరావు శిక్షను మూడు సంవత్సరాల కఠిన కారాగారవాసంగా మార్చింది. ద్వీపాంతర శిక్షను మినహాయిస్తే, ఆ సెక్షను క్రింద వేయదగిన జైలుశిక్షకు అదే పరిమితి.

ఇందులో చట్టానికి విరుద్ధమైనది ఏదీ లేదు. అసలు గమనించవలసింది అదే. శిక్షను పెంచే అధికారం 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులోనే హైకోర్టుకు ఉండేది. ఒక ఊళ్ళో గట్టు తగాదా వచ్చిందనుకోండి. ఒక పక్షంవాడే పెద్దమనిషిని కూర్చోబెట్టి, జీతమిచ్చి, తీర్పు రుచించకపోతే మరొక పెద్దమనిషిని పిలుస్తానంటే, రెండవ పక్షంవాడు ఏమి చేయగలడు? ఆనాటి జిల్లాలలో పరిస్థితి ఇంచుమించు ఇలాగే ఉండేది. కలెక్టరే జిల్లా మేజిస్ట్రేటు. పోలీసులపై పెత్తనమూ ఆయనదే. సెషన్స్ జడ్జీలు చాలామంది ఐ.సి.ఎస్. అధికారులు. వారి బదిలీలు, పదోన్నతులు ప్రభుత్వం చేతిలో ఉండేవి. అయినా ఆ జడ్జి తక్కువ శిక్షే వేశారు. ఆ మాట కూడా చెప్పుకోవాలి.

అదే సంవత్సరం జూలై 7న తిరునల్వేలి సెషన్స్ జడ్జి పిన్హే చిదంబరం పిళ్ళైకి మొత్తం 40 ఏళ్ళ ద్వీపాంతర శిక్ష వేశారు. అది చూసి దేశమంతా నివ్వెరపోయింది. హైకోర్టు దానిని తగ్గించింది. ఒకే చట్టం, ఒకే హైకోర్టు. ఒక కేసులో శిక్ష తగ్గింది, మరొక కేసులో పెరిగింది. కనుక న్యాయమూర్తులందరూ ప్రభుత్వం చెప్పినట్లే ఆడారనడం సరికాదు.

చట్టంతో పని జరగనప్పుడు ప్రభుత్వం కొత్త చట్టమే వ్రాసుకున్న సందర్భమూ ఉంది. భగత్‌సింగ్ తదితరులపై లాహోరు కుట్ర కేసు నత్తనడక నడుస్తున్నదని వైస్రాయి ఇర్విన్ 1930 మే 1న ఆర్డినెన్సు తెచ్చారు. ముగ్గురు జడ్జీల ప్రత్యేక ట్రిబ్యునలు ఏర్పడింది. దాని తీర్పుపై హైకోర్టుకు అప్పీలు లేదు. కోర్టులోనే ముద్దాయిలను పోలీసులు కొట్టినప్పుడు, ఆ ఉత్తరువుతో తనకు సంబంధం లేదని జస్టిస్ ఆగా హైదర్ వ్రాసిపెట్టారు. కొద్ది వారాలలో ట్రిబ్యునలును మార్చివేశారు. కొత్త దానిలో ఆయన పేరు లేదు.

ఇక రాయవేలూరు జైలు సంగతి. రాజకీయ ఖైదీలనే ప్రత్యేక తరగతి అప్పటికి లేదు. ఎం.ఏ. చదివిన సంపాదకుణ్ణి బందిపోట్లతో, గజదొంగలతో కలిపి ఉంచారు. తల గొరిగించారు. ఇరవై అయిదేళ్ళ యువకుడు మూడేళ్ళు అలా గడిపి, 1911లో విడుదలయ్యారు. ప్రజలు ఆయనను 'ఆంధ్ర తిలక్' అని గౌరవించారు. తరువాత ఆయన ఆంధ్రపత్రికలో పనిచేశారు. ఊరూరా గ్రంథాలయాలు వెలిసేందుకు, చదువురాని పెద్దలకు అక్షరాలు నేర్పేందుకు 1960లో మరణించేవరకు పాటుపడ్డారు.